సూది లేకుండా శృతిదండంతో ఆక్యుపంక్చర్: మోకాళ్ల నొప్పికి పనిచేస్తుందా?

ప్రొద్దుటూరు నుంచి ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్కారం. మీ అమ్మగారికి 61 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది, రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిందని ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు చెప్పారు. తెలిసినవారు ఆక్యుపంక్చర్ చేయించమన్నారు, కానీ సూది పేరెత్తితేనే ఆమె లేచి వెళ్లిపోతున్నారు. ఈలోగా మీ ఊళ్లో కొత్తగా తెరిచిన ఒకచోట, సూదులు గుచ్చే బిందువుల మీదే ట్యూనింగ్ ఫోర్కులు ఆనించి ‘సౌండ్ థెరపీ’ చేస్తామని, ఫలితం సూదితో సమానమని, 15 సిట్టింగులకు 9,000 రూపాయలు ముందుగానే కట్టాలని అన్నారు. కట్టవచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను: ముందుగా కట్టకండి. ట్యూనింగ్ ఫోర్కు, అంటే మనం బడిలో శృతిదండం అని చదువుకున్నది, చర్మం మీద ఆనిస్తే ఆ కాసేపు నొప్పి కొంత మరుగున పడవచ్చు, మనసుకు హాయిగానూ ఉండవచ్చు. అది సూది చేసే పనే చేస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: అరిగిన మోకాలికి సూదే పెద్ద మందు కానప్పుడు, సూదికి ప్రత్యామ్నాయం ఏదన్న ప్రశ్న దగ్గరే మీ డబ్బు తప్పుదారి పడుతోంది.

నేను ఫిజియోథెరపిస్టును. మొదట అనంతపురంలో, తర్వాత కడపలో, మొత్తం 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఆక్యుపంక్చర్ కూడా నేర్చుకున్నాను, ఇప్పటికీ వారంలో రెండు రోజులు సూదులు పెడుతున్నాను. కనుక సూదిని వెనకేసుకొచ్చి శృతిదండాన్ని తీసిపారేస్తున్నానని అనుకునేవారు కింద సూది గురించి రాసింది కూడా చదవాలని మనవి.

ముందుగా మాటల గందరగోళం తీర్చుకుందాం. ‘సౌండ్ థెరపీ’ అనే ఒక్క పేరుతో కనీసం నాలుగు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ఫిజియోథెరపీ క్లినిక్కులలో జెల్ పూసి తిప్పే అల్ట్రాసౌండ్ యంత్రం ఒకటి. అది సెకనుకు పది లక్షల నుంచి ముప్పై లక్షల కంపనాలతో పనిచేస్తుంది, మనిషి చెవి ఇరవై వేల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ శబ్దం ఎవరికీ వినిపించదు. చెవిలో హోరు ఉన్నవారికి చెవి డాక్టర్లు సూచించే శబ్ద చికిత్స రెండవది. కంచు గిన్నెలు మోగిస్తూ పడుకోబెట్టి వినిపించేది మూడవది. మీకు చెప్పిన, శృతిదండాన్ని బిందువుల మీద నిలబెట్టే పద్ధతి నాలుగవది. ఒకదానికి ఉన్న పేరును మరొకదానికి పులమడం ఈ వ్యాపారంలో మామూలే. “ఆసుపత్రులలో కూడా సౌండే వాడతారమ్మా” అని మీ అమ్మగారితో ఎవరైనా అంటే, అది అల్ట్రాసౌండ్ గురించి అని మీరు గుర్తుపెట్టుకోండి.

ఇక శృతిదండం చేసే పని. దాని కొమ్మును అరచేతి మడమకో రబ్బరు దిమ్మెకో కొట్టి, కాడను మోకాలి చిప్ప కింద బయటివైపు ఉండే గుంటలో నిలబెడతారు. మొదటి రెండు మూడు సెకన్లు చిప్ప లోపల తేనెటీగ చిక్కుకున్నట్లు ఉంటుంది. తర్వాత ఆ గుయ్యిమనేది పలచబడుతూ, అర నిమిషం లోపే దాదాపు తెలియకుండా పోతుంది. మళ్లీ కొట్టాలి, మళ్లీ పెట్టాలి. సగటున అరగంట సిట్టింగులో ఒక్కో బిందువుకు దక్కే గట్టి కంపనం నిమిషం, రెండు నిమిషాలకు మించదు.

కంపనానికి నొప్పిని తగ్గించే గుణం నిజంగానే ఉంది. గడపకు కాలు తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాము కదా, అదే సూత్రం. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు ప్రతిపాదించిన ‘ద్వార సిద్ధాంతం’ ప్రకారం, స్పర్శనూ కంపనాన్నీ మోసే లావు నరాల తంతువులు చురుకుగా ఉంటే, నొప్పిని మోసే సన్న తంతువుల కబురు వెన్నుపాము దగ్గరే కొంత ఆగిపోతుంది. 1980 దశకంలో స్వీడన్‌లో థామస్ లుండెబర్గ్ దీనినే రోగుల మీద పరీక్షించి, సెకనుకు సుమారు 100 కంపనాలిచ్చే యంత్రాలతో చాలామందికి ఉపశమనం కలుగుతుందని చూపించారు. అయితే ఆ యంత్రాలను నొప్పి ఉన్న చోట కాస్త ఒత్తి, అరగంట వరకు ఆపకుండా నడిపేవారు. కొట్టిన కాసేపటికే చల్లారిపోయే శృతిదండానికి ఆ ఫలితాన్ని అంటగట్టడం, గ్లాసెడు నీళ్లు పోసి చేను తడిసిందనడం లాంటిది. మందుకు మోతాదు ఉన్నట్లే కంపనానికీ మోతాదు ఉంది.

ఈ దండాలలో ‘ఓం’ పేరుతో అమ్మేది ఒకటి ఉంటుంది, దాని మీద 136.1 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు, అని చెక్కి ఉంటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ పేరు దగ్గరే సగం ఒప్పుకుంటారు కాబట్టి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1978లో హాన్స్ కూస్టో అనే స్విట్జర్లాండ్ ఆయన చేసిన లెక్క అది. భూమి సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి సుమారు 3 కోట్ల 15 లక్షల 56 వేల సెకన్లు పడుతుంది. సెకనుకు ఎన్ని చుట్లు అని చూస్తే అతి చిన్న భిన్నం వస్తుంది. దానిని రెట్టింపు చేస్తూ, అంటే సంగీతంలో ఒక్కో స్థాయి పైకి వెళుతూ, 32 సార్లు పోతే 136.1 దగ్గర తేలుతుంది. 31 సార్లకే ఆపితే 68, 33 సార్లు పోతే 272. చెవికి అనువుగా ఉన్నచోట ఆపారు, అంతే. హార్మోనియం తెలిసినవారికి చెప్పాలంటే అది ఒకటిన్నర శృతికి వెంట్రుకవాసి తక్కువ. లెక్కలో తప్పేమీ లేదు, ముచ్చటైన లెక్కే. కానీ అందులో మోకాలూ లేదు, నరమూ లేదు, రక్తప్రసరణా లేదు.

కుతూహలం కొద్దీ ఆ ‘ఓం’ దండాన్ని నేనూ ఒకటి కొన్నాను. డాక్టర్లు నరాల పరీక్షకు వాడే 128 హెర్ట్జ్ దండం ఎలాగూ నా బల్ల మీద ఉంటుంది. రెండింటినీ ఒకే తీరుగా కొట్టి, కళ్లు మూసుకున్న మనిషి ముంజేతి మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, తేడా చెప్పమని మా క్లినిక్కుకు వచ్చేవారిలో ఇష్టపడిన కొందరిని అడిగాను. చెవికి దగ్గరగా పెడితే సంగీతం నేర్చుకున్న ఒక అమ్మాయి ఠక్కున చెప్పింది. ముంజేతి మీద పెట్టినప్పుడు ఆ అమ్మాయితో సహా ఎవరూ నికరంగా చెప్పలేకపోయారు. చర్మానికి చెవికున్నంత స్వరజ్ఞానం లేదు. అలాంటప్పుడు ఈ అవయవానికి ఈ గ్రహం పేరు పెట్టిన దండం, ఆ అవయవానికి ఆ గ్రహం పేరు పెట్టిన దండం అని పెట్టె నిండా అమ్మడం వల్ల బాగుపడేది పెట్టె అమ్మినవారే.

ఇప్పుడు నా సూది సంగతి. సూదిని లోపలికి దింపి తిప్పినప్పుడు చర్మం కింది బంధక కణజాలం దాని చుట్టూ దారంలా చుట్టుకుంటుందని అమెరికాలో హెలెన్ లాంజెవిన్ బృందం చూపించింది. 2010లో ఎలుకలపై జరిగిన ఒక ప్రయోగంలో సూది తిప్పిన చోట అడెనోసిన్ అనే పదార్థం పెరిగి నొప్పి తగ్గినట్లు తేలింది. పైపైన ఆనించే దండం కణజాలాన్ని ఇలా మెలితిప్పదు, కాబట్టి ‘అదే పని’ అనే మాట పనిచేసే తీరు దగ్గరే నిలవదు.

కానీ మనుషుల మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి సూది గొప్ప కూడా కొంత తగ్గుతుంది. 2006లో ప్రచురితమైన జర్మనీ పరీక్షలో మోకాలి అరుగుదల ఉన్న 1,007 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు శాస్త్ర ప్రకారం సూదులు, రెండవ గుంపుకు బిందువులు కాని చోట్ల పైపైన సూదులు, మూడవ గుంపుకు మామూలు వైద్యం. ఆరు నెలల తర్వాత బాగుందన్నవారు వరుసగా 53 శాతం, 51 శాతం, 29 శాతం. అంటే సూదుల వైపు వెళ్లినవారికి మామూలు వైద్యంకన్నా మేలే జరిగింది, కానీ బిందువు సరిగ్గా దొరికిందా లేదా అన్నదానికి దాదాపు విలువే లేకపోయింది. ఈ ఫలితం మొదటిసారి చదివినప్పుడు, బిందువుల పటాన్ని కంఠస్థం చేసిన నా రెండేళ్లు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. 2022లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య ప్రమాణాల సంస్థ నైస్, కీళ్ల అరుగుదలకు ఆక్యుపంక్చర్ సూచించవద్దని రాసింది. అదే పత్రంలో అల్ట్రాసౌండును, టెన్స్ అనే కరెంటు యంత్రాన్ని కూడా వద్దంది. ఆ రెండు యంత్రాలూ నా క్లినిక్కులో ఉన్నాయన్నది దాచను.

మరి శృతిదండం పెట్టించుకున్నవారు “హాయిగా ఉంది” అంటారే, అది అబద్ధమా? కాదు. చల్లని గదిలో, మసక వెలుతురులో, ఒక మనిషి అరగంట సేపు మీ నొప్పి గురించే శ్రద్ధ పెడితే ఎవరికైనా ఒళ్లు వదులవుతుంది. కంచు గిన్నెల శబ్దం గురించి 2017లో అమెరికాలో 62 మందిపై చేసిన పరిశీలనలో, విన్న తర్వాత ఉద్రిక్తత, అలసట తగ్గినట్లు తేలింది. పోల్చి చూడడానికి రెండవ గుంపు లేదు కాబట్టి అది గిన్నెల మహిమా, పడుకున్న విశ్రాంతా అన్నది అందులో తేలదు. గురువారం రాత్రి పెద్ద దర్గాలో ఖవ్వాలీ విని వచ్చాక హాయిగా నిద్ర పట్టిందని నాతో చెప్పేవారున్నారు, దేవుని కడప గుడి గంట విన్నప్పుడు గుండె నెమ్మదిస్తుందనేవారూ ఉన్నారు. ఆ హాయిని నేను తక్కువ చేయను, ఎందుకంటే నిద్ర పట్టని మనిషికి నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. హాయికి హాయి ధరే కట్టండి, మోకాలి వైద్యం ధర కట్టకండి అన్నదే నా మాట.

సూది లేకుండా బిందువు మీద నొక్కితే గట్టి ఆధారంతో పనిచేసే చోటు ఒకటి ఉంది. మణికట్టు మడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు పైకి, రెండు స్నాయువుల నడుమ ఉండే ఆ చోటును మా పటంలో పెరికార్డియం 6 అంటారు. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి, వాంతులకు అక్కడ సూది గుచ్చినా, వేలితో నొక్కినా, గుండీ ఉన్న పట్టీ కట్టినా ఉపయోగం కనిపిస్తుందని పలు పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. బస్సులో ఘాటు రోడ్డు ఎక్కగానే కడుపు తిప్పేవారికి నేనూ అదే నేర్పిస్తాను, పైసా ఖర్చు లేదు. అది వికారానికి, మోకాలికి కాదు.

ఇప్పుడు మీ అమ్మగారి విషయంలో నన్ను నిజంగా కలవరపెట్టిన మాటకు వస్తాను. అది సూదీ కాదు, దండమూ కాదు, ఎనిమిదేళ్ల షుగరు.

128 హెర్ట్జ్ శృతిదండం మా వృత్తిలో చికిత్స సాధనం కాదు, పరీక్ష సాధనం. దానిని కొట్టి కాలి బొటనవేలి కీలు ఎముక మీద పెట్టి, “గుయ్యిమనడం ఎప్పుడు ఆగిందో చెప్పండి” అంటాము. ఆగిందని వారు అనగానే దండాన్ని తీసి నా బొటనవేలి కణుపు మీద పెట్టుకుంటాను. నాకు ఇంకా కంపనం బాగా తెలుస్తుంటే వారి నరాలు మొద్దుబారుతున్నాయని అర్థం. నాలుగేళ్ల కిందట ఒక పెద్దావిడ మోకాళ్లకు, అరికాళ్ల మంటకు ఒకచోట పది సిట్టింగుల దాకా దండం పెట్టించుకుని నా దగ్గరికి వచ్చారు. బొటనవేలి మీద పెట్టి అడిగితే, “ఏం పెట్టినావు నాయనా?” అన్నారు. ఆమెకు అసలు ఏమీ తెలియలేదు. మడమ పక్కన చెప్పు ఒరుసుకుని పడిన పుండు కూడా ఆమెకు తెలియదు, సాక్సు విప్పాక నేనే చూశాను. పది సార్లు దండం పట్టుకున్న మనిషి ఒక్కసారి “తెలుస్తోందా?” అని అడిగి ఉంటే పది వారాల ముందే ఆమె షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండేవారు. దండం వల్ల ఆమెకు హాని జరగలేదు, కాలం పోయింది. షుగరు కాలికి కాలం పోవడమే హాని.

మరొకటి మన ప్రాంతం వారికే ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల గనుల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీలలో పనిచేసేవారు చేతుల తిమ్మిరితో నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. ఏళ్ల తరబడి డ్రిల్లింగు, గ్రైండింగు మిషన్ల అదురు వేళ్లలోకి ఎక్కి, అక్కడి సన్న రక్తనాళాలు, నరాలు దెబ్బతినడం వల్ల వచ్చేది అది. గుండీ పెట్టుకోలేక భార్యతో పెట్టించుకునే ముప్పై అయిదేళ్ల మనిషిని చూశాను. అలాంటి అతనికి కంపన చికిత్స మంచిదని ఎవరో చెప్పి చేతులకు మసాజు యంత్రం కొనిపించారు. రోగం తెచ్చిందే కంపనం, దానికి మళ్లీ కంపనమే మందా? మొదట ఆ మిషన్ నుంచి చేతికి విశ్రాంతి కావాలి. కంపనం దానంతట అది మంచీ కాదు, చెడూ కాదు. ఎంత, ఎక్కడ, ఎంతసేపు అన్నదే లెక్క. పిక్కలో వాపుతో కొత్తగా నొప్పి మొదలైనవారు, ఎముక విరుగు ఉన్నవారు, కీలు ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వచ్చినవారు డాక్టరు చూడకుండా ఏ యంత్రమూ, ఏ దండమూ పెట్టించుకోకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారు కరెంటు యంత్రాల దగ్గరికే వెళ్లకూడదు.

ఇక మోకాళ్లకు మీరు చేయించవలసింది. తొడ ముందు భాగపు కండరం బలపడితే మోకాలి మీది భారం అది పంచుకుంటుంది. మీ అమ్మగారిని మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన టవలు పెట్టి, దానిని మోకాలితో కిందికి అదిమి ఐదారు అంకెలు లెక్కపెట్టి వదలమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, ఉదయం, సాయంత్రం. వారం తర్వాత కుర్చీలో కూర్చుని కాలిని నేలకు సమానంగా లేపి అంతే సేపు నిలపడం కలపండి. మొదటి వారం కాస్త పట్టేసినట్లు ఉంటుంది, అది భయపడవలసినది కాదు. చేసిన మరునాటికి కూడా నొప్పి ముందుకన్నా ఎక్కువగా ఉంటే లెక్క సగానికి తగ్గించండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆపకుండా చేయనిదే ఫలితం గురించి మాట్లాడకూడదు. నా దగ్గర వదిలేసేవారిలో ఎక్కువమంది మూడవ వారంలోనే వదిలేస్తారు. ఒళ్లు ఎక్కువగా ఉంటే, తగ్గిన ఒక్కో కిలోకు అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు, కనుక రాత్రి సంగటి ముద్ద సైజు కూడా మా వైద్యంలో భాగమే. నేల మీద కూర్చుని బియ్యం ఏరడం, గొంతుకూర్చుని బట్టలు ఉతకడం ఆపించి, ఎత్తయిన పీట, వెస్ట్రన్ కమోడు ఏర్పాటు చేయండి. నా అనుభవంలో ఆ కమోడు ఒక్కటే కొందరికి సగం గోల తగ్గించింది.

వ్యాయామానికి ముందు నొప్పి మరీ ఎక్కువగా ఉంటే వేడి కాపడం పెట్టవచ్చు. షుగరు ఉన్నవారికి చర్మం మొద్దుబారి కాలినా తెలియకపోవచ్చు కాబట్టి వేడిని ముందుగా మీ చేతి మీద చూసుకోవాలి. టెన్స్ యంత్రం పెట్టుకున్నంతసేపు ఉపశమనం ఇస్తుంది, తీశాక మిగిలేది తక్కువ. నేను దానిని వ్యాయామం చేయించడానికి ఎరగా మాత్రమే వాడతాను.

ఇంత చెప్పినా అమ్మగారు “ఒక్కసారి ఆ గుయ్యిమనేది చూస్తాను” అని ముచ్చటపడితే తీసుకెళ్లండి, ఒక్క సిట్టింగుకు మాత్రం కట్టండి. గోడ మీద ధ్రువపత్రాలు కనిపిస్తే చదవండి. 2019లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన విభాగం గుర్తించింది ఆక్యుపంక్చర్‌ను. ఆ గుర్తింపు శృతిదండానికి వర్తించదు. షుగరు మాత్రలు, నొప్పి మాత్రలు ఆపేయమని అక్కడ ఎవరైనా అంటే ఆ క్షణమే లేచి వచ్చేయండి.

ఆమె భయం సూది నొప్పి గురించే అయితే, ఒకసారి ఆక్యుపంక్చర్ సూదిని ఆమె చేతికిచ్చి చూడనివ్వండి. పావు మిల్లీమీటరు మందం, లోపల రంధ్రం ఉండదు, ఇంజెక్షన్ సూదికీ దానికీ పోలికే లేదు. అయినా వద్దంటే బలవంతం చేయకండి, మోకాలికి అది లేకపోయినా నష్టం లేదు. ఈ వారంలోనే మీరు చేయవలసింది మాత్రం ఒకటుంది: షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, “మా అమ్మ పాదాల మీద 128 హెర్ట్జ్ శృతిదండం ఆనించి చూడండి సార్” అని అడగండి. బొటనవేలి మీద ఎంతసేపు తెలిసిందో, రెండు కాళ్లకూ తేడా ఉందో రాసుకుని, మూడు నెలల సగటు షుగరు రిపోర్టుతో పాటు ఇక్కడే చెబితే, వ్యాయామాలలో ఏవి పెంచాలో ఏవి మానాలో రాస్తాను.